బోలు పిడి పనిముట్లు: ఏ రకాన్ని ఎంచుకోవాలి, పాతదాన్ని ఎలా గుర్తించాలి

పిడిని లోపల తొలిచి, ఆ బోలులోనే చిన్న చిన్న పనిముట్ల మొనలన్నీ దాచి, కావలసినదాన్ని పిడి కొసన ఉన్న చక్ అనే పట్టులో బిగించి వాడుకునే చేతి పనిముట్లు పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకు అమెరికాలో, ఇంగ్లండులో, జర్మనీలో విరివిగా తయారయ్యాయి. వడ్రంగి పెట్టెను పూర్తిగా సమకూర్చుకోలేని ఇంటివారికి, దూరప్రాంతాల్లో పనిచేసే మరమ్మతుదారులకు పిడికిట్లో పట్టే ఈ పనిముట్టు పది పరికరాల పని చేసిపెట్టేది. ఇవాళ పాత సామాను అమ్మేవారు వీటన్నింటినీ ఒకే పేరుతో పిలుస్తారు గానీ, పనితీరులో, కట్టులో, వయసులో ఒకదానికొకటి పోలికలేని నాలుగైదు రకాలు ఇందులో కలిసిపోయి ఉన్నాయి. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు తికమకపడేది అక్కడే.

అమ్మేవారు సాధారణంగా బిట్ల, అంటే లోపలి మొనల, సంఖ్యను ముందు చెబుతారు, కొనేవారు కూడా ఎక్కువ బిట్లున్నదే మంచి సెట్టు అనుకుంటారు. నా అనుభవంలో ఆ సంఖ్యను అన్నిటికన్నా చివర చూడాలి. మొదట చక్ ఎలా ఉందో చూడాలి, తరువాత ఆ బిట్లు నిజంగా ఆ పిడితో పుట్టినవేనా అని పరీక్షించాలి, ఆ పైన చెక్కను, పూతను, ముద్రలను పరిశీలించాలి. పిడికి చెందిన ఆరు బిట్లతో ఉన్న పాత సెట్టు, ఎక్కడెక్కడి నుంచో ఏరి నింపిన ఇరవై బిట్ల సెట్టుకంటే పనికీ మేలు, పరిశీలనకూ మేలు.

చెక్క పిడి సెట్లు

అసలైన బోలు పిడి సెట్టు అంటే సేకరణకర్తల మనసులో మెదిలేది ఈ రకమే. లేత్ మీద పట్టి నునుపు చేసిన చెక్క పిడి, దానికి ఒక చివర మరచుట్లతో బిగిసే మూత, మరో చివర లోహపు చక్, లోపల పది నుంచి ఇరవై వరకు పొట్టి పనిముట్లు ఉంటాయి. ఆ పనిముట్లలో చెక్కకు మొదటి రంధ్రం వేసే ఆరెలు, మెలితిప్పే గిమ్లెట్, ఇరుకు ఉలి, వంపు ఉలి, స్క్రూడ్రైవర్, చిన్న మేకులు పీకే గోరు, రంధ్రాన్ని పెంచే రీమర్ వంటివి సాధారణంగా కనిపిస్తాయి, కొన్నిటిలో చిన్న ఆకురాయి, సన్న రంపపు పలక కూడా ఉంటాయి. వీటిలో ఆరెను చాలామంది కేవలం సూదిమొన అనుకుంటారు. నిజానికి మేకు కోసం చెక్కలో దారి చేసే ఆరెకు మొన ఉలి అంచులా చదునుగా ఉంటుంది. దాన్ని చెక్క నారకు అడ్డంగా ఆనించి, అటూ ఇటూ తిప్పుతూ నొక్కితే నార తెగుతుంది, పలక చీలదు. మొనను ఎవరైనా సూదిలా అరగదీసి ఉంటే ఆ ఆరె తన అసలు పనిని కోల్పోయినట్టే.

ఈ రకంలో మంచి చెడ్డలు తేల్చేది చక్. కొన్ని పిడులకు చదరపు గాడి, పక్కన ఒక బిగింపు మర మాత్రమే ఉంటాయి. ఆ గాడికి సరిగ్గా సరిపోయే తోక (చక్‌లో దూరే వెనుక కొస) ఉన్న పనిముట్టు మాత్రమే అందులో నిలుస్తుంది. మరికొన్నిటికి రెండు ఉక్కు దవడలు, వాటిని చుట్టి మరచుట్లతో బిగిసే కోసుగా ఉన్న గొట్టం ఉంటాయి. గొట్టాన్ని తిప్పేకొద్దీ దవడలు దగ్గరవుతాయి. ఈ సూత్రాన్ని బ్రేస్ అనే వంకర పిడి బరమాల చక్‌కు వర్తింపజేస్తూ విలియం హెచ్. బార్బర్ 1864 మే 24న అమెరికా పేటెంటు పొందాడు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టిన మిల్లర్స్ ఫాల్స్ సంస్థ ఎదుగుదలకు ఆ చక్కే పునాది. దవడల చక్ ఉన్న పిడి రకరకాల మందాల తోకలను పట్టుకోగలదు కాబట్టి, ఒక బిట్టు పోయినా పిడి నిరుపయోగం కాదు. గాడి, మర ఉన్న పిడి అలా కాదు, దాని బిట్లు పోతే అది అలంకార వస్తువుగా మిగులుతుంది. వాడుకోవడానికి కొనేవారికి నేను దవడల చక్‌నే గట్టిగా సూచిస్తాను.

దవడలను పరీక్షించే పద్ధతి సులువే. గొట్టాన్ని పూర్తిగా విప్పి, లోపల రెండు దవడలూ, వాటిని విడదీసే చిన్న స్ప్రింగూ ఉన్నాయో లేదో చూడాలి. స్ప్రింగు పోయిన చక్ బిగుస్తుంది గానీ, విప్పినప్పుడు దవడలు తమంతట తాము తెరుచుకోవు. తరువాత దవడలను ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, మధ్యలో వెలుగు సన్నని గీతలా పొడవునా సమంగా కనిపించాలి. ఒక చివర ఎక్కువగా, మరో చివర తక్కువగా కనిపిస్తే దవడలు అరిగాయని అర్థం. చివరగా ఒక సన్న బిట్టును, ఒక మందపు బిట్టును బిగించి వేలితో ఊపి చూడాలి. ఫొటోలు చూసి దూరం నుంచి కొనేవారు కనీసం గొట్టం విప్పిన ఫొటో అడగాలి, పంపడానికి వెనుకాడే అమ్మకందారును వదిలేయడం మంచిది.

బిట్లు ఆ పిడివేనా కాదా అన్నది తేల్చడానికి నేను వాడే మొదటి కొలబద్ద పొడవు. బోలు లోతుకంటే పొడవైన పనిముట్టు ఏదీ ఆ సెట్టుతో పుట్టి ఉండదు, ఎందుకంటే మూత బిగించిన పిడిలో దానికి చోటే లేదు. ఒకసారి నేను పద్దెనిమిది బిట్ల సెట్టును సంబరంగా ఇంటికి తెచ్చుకుని, అన్నిటినీ లోపల పేర్చి మూత పెట్టబోతే అయిదు బిట్లు బయటికి పొడుచుకొచ్చాయి, ఆ అయిదింటిలో మూడు వేరే కొలత తోక ఉన్నవని అప్పుడు గాని గమనించలేదు. పొడవు తరువాత తోకల ఆకారం చూడాలి. ఒకే సెట్టులోని తోకలు ఒకే వాలుతో, ఒకే భుజం కట్టుతో ఉంటాయి, వాటి మీది సాన గీతలు కూడా ఒకే దిక్కుకు నడుస్తాయి. తరువాత ఉక్కు మీద కాలం తెచ్చిన నలుపును పోల్చాలి. పదింటిలో తొమ్మిది ముదురుగా ఉండి ఒకటి తళతళలాడుతుంటే దాన్ని అనుమానించాలి, అయితే ఒకటి మాత్రమే బాగా అరిగి పొట్టిగా ఉంటే భయపడనక్కరలేదు. దాన్నే ఎక్కువగా వాడారని, సానబట్టి సానబట్టి అది తరిగిందని అర్థం.

చెక్కను గుర్తించడానికి బయటి మెరుపును నమ్మకూడదు. మూత విప్పి, పాలిష్ తగలని బోలు గోడను చూడాలి. రోజ్‌వుడ్, కోకోబోలో వంటి గట్టి చెక్కలకు లోపల కూడా ముదురు రంగే ఉంటుంది, రంగు పూసిన బీచ్, మేపుల్ చెక్కలు లోపల పాలిపోయి కనిపిస్తాయి. కొన్ని పిడులకు మూత లిగ్నమ్ వైటే అనే చెక్కతో చేసి ఉంటుంది. అది ఆకుపచ్చ ఛాయ ఉన్న గోధుమ రంగులో, మైనం పూసినట్టు జారుగా, చేతికి బరువుగా తగులుతుంది. నీటిలో మునిగిపోయేంత సాంద్రత దానిది. అరచేతితో నొక్కే చివర అలాంటి చెక్క పెట్టడంలో తయారీదారు ముందుచూపు ఉంది, నొక్కుడు భారమంతా పడేది అక్కడే కదా. రంగు పూసిన చెక్క అయినంత మాత్రాన సెట్టును తోసిపుచ్చనక్కరలేదు, దాన్ని రోజ్‌వుడ్ అని చెప్పి అమ్మితే మాత్రం తోసిపుచ్చాలి.

చెక్క పిడి బలహీనత మూత మరచుట్లలో ఉంటుంది. చెక్క మీదే కోసిన మరలు నార అడ్డం తిరిగిన చోట పెళుసుగా విరుగుతాయి, పిడి చీలిక కూడా తరచుగా మూత అంచు నుంచే మొదలవుతుంది. గాలిలో తేమ పెరిగినప్పుడు మూత ఉబ్బి బిగుసుకుపోతుంది. అప్పుడు పట్టకారుతో తిప్పకుండా, కొన్ని రోజులు పొడిగాలి తగిలే చోట ఉంచితే చాలావరకు దానంతట అదే వదులవుతుంది. మూత దగ్గర లోహపు పట్టీ ఉన్న పిడి, పట్టీ లేనిదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నొక్కుడు బరమాలు

ఈ రకానికి ఒక్క పనే తెలుసు, రంధ్రం వేయడం. పిడిని కిందికి నొక్కితే లోపలి మెలిక కడ్డీ బిట్టును తిప్పుతుంది, చేయి సడలించగానే స్ప్రింగు పిడిని పైకి లేపుతూ బిట్టును వెనక్కి తిప్పుతుంది. రెండు దిక్కులా తిరగాలి కాబట్టి దీని బిట్లకు మెలిక గాళ్లకు బదులు నిటారు గాళ్లు ఉంటాయి. ఫిలడెల్ఫియాలోని నార్త్ బ్రదర్స్ సంస్థ యాంకీ పేరుతో చేసిన 41వ నంబరు బరమా ఈ తరహాలో పేరెన్నికగన్నది. సామాన్యంగా ఇలాంటివాటి పిడిలో ఒక అంగుళంలో 1/16 వంతు నుంచి 11/64 వంతు వరకు 1/64 తేడాతో ఎనిమిది బిట్లు ఉంటాయి. యాంకీ 44వ నంబరులో స్ప్రింగు బిగువును సవరించుకునే ఏర్పాటు కూడా ఉంది. సన్న బిట్టుతో మెత్తని చెక్కలో పని చేసేటప్పుడు అది నిజంగా అక్కరకొస్తుంది.

పాత పనిముట్టుతో పని కూడా చేయాలనుకునేవారికి మొదటి కొనుగోలుగా నేను నొక్కుడు బరమానే చెబుతాను. తలుపు బందుల మరలకు దారి రంధ్రాలు వేయడంలో ఇది ఇప్పటికీ ఒంటి చేత్తో, చప్పుడు లేకుండా చక్కగా పనిచేస్తుంది. గుర్తించడమూ సులువు, నంబరూ తయారీదారు పేరూ తరచుగా లోహపు గొట్టం మీదే చెక్కి ఉంటాయి. ఒక జాగ్రత్త అవసరం. ఈ బిట్ల తోకలో ఒక పక్క చదును, ఒక గంటు ఉంటాయి, అవి తయారీదారును బట్టి మారతాయి కాబట్టి ఒక కంపెనీ బిట్టు మరొక కంపెనీ బరమాలో అన్నివేళలా పట్టదు. బిట్లు లేని బరమాను కొనేముందు దానికి సరిపోయే బిట్లు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోవాలి. పిడిని రెండు మూడుసార్లు పూర్తిగా నొక్కి వదిలినప్పుడు మధ్యలో తట్టుకోకుండా పైదాకా లేవాలి. మందకొడిగా లేస్తే లోపల ఎండిన గ్రీజు కారణం కావచ్చు, అది బాగుపడుతుంది. సగంలో ఆగిపోతే స్ప్రింగు విరిగినట్టు అనుమానించాలి.

పళ్ల చక్రంతో తిరిగే చేతి బరమాల్లో కూడా బోలు పిడి ఉన్నవి ఉన్నాయి, మిల్లర్స్ ఫాల్స్ 2వ నంబరు వాటిలో ఒకటి. అయితే అక్కడ బోలు పిడి ఒక సదుపాయం మాత్రమే. ఆ వస్తువును చక్రం, పళ్లు, చక్ చూసి కొనాలి.

ఒకదానిలో ఒకటి ఇమిడేవి, జేబులో పట్టేవి

ఒక స్క్రూడ్రైవర్ పిడి విప్పితే దానిలో చిన్నది, దాని పిడి విప్పితే ఇంకా చిన్నది ఇలా వచ్చే ఇత్తడి సెట్లు, అవే సుత్తి పిడిలో దూరేవి చూడముచ్చటగా ఉంటాయి. వీటిని నేడు కూడా కొత్తగా పెద్ద సంఖ్యలో తయారుచేస్తున్నారు, కొత్త ఇత్తడికి నల్లదనం తెప్పించి పాతదిగా చూపడం కష్టమేమీ కాదు. కాబట్టి ముద్ర, మరచుట్ల అరుగుదల, స్క్రూడ్రైవర్ మొనల అరుగుదల మూడూ ఒకే కథ చెప్పకపోతే అది పాతదని నమ్మకూడదు. బయటంతా నల్లబడి మరచుట్లు మాత్రం పదునుగా, మెరుస్తూ ఉంటే అది అనుమానించదగ్గ వస్తువు. సేకరణ ఆరంభంలోనే వీటి జోలికి వెళ్లవద్దని నా సలహా.

జర్మనీలోని జోలింగెన్‌కు చెందిన బోన్సా ముద్ర పనిముట్లు వేరే తీరు. చాకు పిడిలాంటి దాని గాడిలో సుత్తి, రంపం, ఆకురాయి, ఉలి వంటివి ఒక్కొక్కటిగా తగిలించుకోవాలి, ఆ పనిముట్లు పిడిలో కాక విడిగా సంచిలో ఉంటాయి. ఖచ్చితంగా చెప్పాలంటే ఇవి బోలు పిడి కుటుంబానికి దగ్గరి చుట్టాలు మాత్రమే. సంచి ఉండడం, ప్రతి పనిముట్టు మీదా అదే ముద్ర ఉండడం ఇక్కడ ప్రధానం. తగిలించే కొక్కెం దగ్గర వదులు ఉంటే సుత్తిగా వాడినప్పుడు పిడి దెబ్బతింటుంది.

వయసు తేల్చే ఆనవాళ్లు

పేటెంటు తేదీ కనిపించగానే దాన్ని తయారైన సంవత్సరంగా భావించడం అందరూ చేసే పొరపాటు. ఆ తేదీ కన్నా ముందు ఆ వస్తువు అలా ముద్రపడి ఉండదన్నంత వరకే దాని సాక్ష్యం. పేటెంటు గడువు 1861 నుంచి చాలాకాలం 17 ఏళ్లుగా ఉండేది, గడువు ముగిశాక కూడా పాత అచ్చులతోనే ముద్ర వేస్తూ పోయిన వస్తువులు ఉంటాయి. అమెరికా చట్టం మొదట్లో తేదీ ముద్రించమని కోరింది, 1927లో ఆ నియమం మారి పేటెంటు సంఖ్య ముద్రించడం అవసరమైంది. అందువల్ల తేదీ మాత్రమే ఉన్న పిడి 1927కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. సంఖ్య ఉంటే, పది లక్షల సంఖ్య 1911లో, ఇరవై లక్షల సంఖ్య 1935లో దాటాయని గుర్తుంచుకుంటే అంచనా కట్టడం తేలిక. ఇంకొక చిట్కా, అమెరికా పేటెంట్లు మంగళవారాల్లో జారీ అవుతాయి. ముద్రలో ఒక అంకె చెరిగిపోయినప్పుడు ఏ తేదీ మంగళవారం అవుతుందో లెక్కించి పోయిన అంకెను పట్టుకోవచ్చు. బార్బర్ పేటెంటు తేదీని లెక్కించి చూస్తే అది మంగళవారమే అని తేలుతుంది.

బ్రిటిష్ వస్తువుల మీద 1842 నుంచి 1883 వరకు వజ్రాకారపు నమోదు గుర్తు, 1884 నుంచి ఆర్‌డి అక్షరాలతో నమోదు సంఖ్య వాడారు. జర్మన్ వస్తువుల మీద డి.ఆర్.జి.ఎం. (జర్మన్ నమూనా నమోదు గుర్తు) అక్షరాలుంటే అది 1891 తరువాతిది. పశ్చిమ జర్మనీ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తరువాతిదే. అమెరికాకు దిగుమతయ్యే వస్తువుల మీద పుట్టిన దేశం పేరు ఉండాలన్న మెకిన్లీ సుంకపు చట్టం నియమం 1891 మార్చిలో అమలులోకి వచ్చింది, కాబట్టి దేశం పేరు ఉన్న ఎగుమతి సరుకు చాలావరకు ఆ తరువాతిదే అవుతుంది.

కంపెనీల చేతులు మారిన సంవత్సరాలు ఇంకా బాగా ఉపయోగపడతాయి. మిల్లర్స్ ఫాల్స్ కంపెనీ ఆ పేరుతో 1872లో రూపుదిద్దుకుంది, 1931లో గ్రీన్‌ఫీల్డ్‌లోని గుడెల్-ప్రాట్ అనే పనిముట్ల సంస్థను తనలో కలుపుకుంది. బోలు పిడి సెట్లు చేసిన బ్రిడ్జ్‌పోర్ట్‌లోని జాన్ ఎస్. ఫ్రే సంస్థ 1920లో స్టాన్లీ అనే అమెరికా పనిముట్ల సంస్థ చేతికి వచ్చింది. స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కూడా స్టాన్లీ వర్క్స్‌లో కలిసింది 1920లోనే. స్టాన్లీ ముద్రలో హృదయాకారం కనిపిస్తే అది సుమారుగా 1920 నుంచి 1935 మధ్యది, సంస్థను చాలాకాలం నడిపిన విలియం హార్ట్ పేరు మీద పెట్టిన గుర్తు అది. నార్త్ బ్రదర్స్‌ను స్టాన్లీ 1946లో కొన్నది, కాబట్టి యాంకీ బరమా మీద స్టాన్లీ పేరు కూడా ఉంటే అది ఆ తరువాతిది.

ముద్రలు లేని పిడికి పూత, బిట్లు సాక్ష్యం చెబుతాయి. నికెల్ పూతకు కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమియం పూత నీలి ఛాయతో చల్లగా మెరుస్తుంది. క్రోమియం పూత చేతి పనిముట్లకు రావడం 1920ల చివరి నుంచే మొదలైంది. నాలుగు రెక్కల ఫిలిప్స్ బిట్టు అసలు సెట్టులో భాగమైతే ఆ సెట్టు 1930ల నడిమికి ముందుది కాజాలదు. పిడి పాతదై, అలాంటి బిట్టు ఒక్కటే ఉంటే దాన్ని తరువాత చేర్చారని అర్థం.

ఎవరికి ఏది

పనిలో పెట్టుకోవాలంటే నొక్కుడు బరమా, లేదా దవడల చక్ ఉన్న చెక్క పిడి తీసుకోవాలి. చరిత్ర కోసం, చూపు కోసం సేకరించేవారు చెక్క పిడి సెట్లలో ముద్ర స్పష్టంగా ఉన్నవాటితో మొదలుపెట్టాలి. అవి ముద్ర లేనివాటిని గుర్తించడానికి కొలమానంగా కూడా పనికొస్తాయి. ఖాళీ పిడి, పిడి లేని బిట్లు రెండూ ఎదురైతే మాత్రం తడబడకుండా పిడినే ఎంచుకోవాలి. మంచి చక్ ఉన్న పిడికి బిట్లు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాయి, బిట్లకు సరైన పిడి దొరకడం చాలా అరుదు. నెరసిన పూతకూ పగిలిన మూతకూ మధ్య ఎంచుకోవలసి వస్తే నెరసిన పూతను ఒప్పుకోవాలి.

తెచ్చుకున్న తరువాత తీగ చక్రంతో, పాలిషింగు యంత్రంతో రుద్దకూడదు, పలుచని నికెల్ పూత కొన్ని క్షణాల్లో పోతుంది, ముద్రలు అరిగిపోతాయి. తుప్పు మీద పలుచని నూనె వేసి ఒక రోజు ఉంచి, మెత్తని గుడ్డతో తుడిచి, ఆ తరువాత మైనం పట్టించాలి. బోలులో నూనె పోయకూడదు, చెక్క దాన్ని పీల్చుకుని నల్లబడుతుంది. కోకోబోలో పిడిని రుద్దవలసి వస్తే ముక్కుకు ముసుగు కట్టుకోవాలి, దాని పొడి చాలామందికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది.

దేశాల సరిహద్దులు దాటించి తెప్పించుకునేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతరించిపోయే జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒడంబడిక మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన జాబితాలో, ఉంది, మిగతా రోజ్‌వుడ్ జాతులు, లిగ్నమ్ వైటే రెండో అనుబంధం కిందికి వస్తాయి. పాతదే అయినా, పిడి ఏ చెక్కదో తెలియని వస్తువుకు కస్టమ్స్ దగ్గర ప్రశ్నలు ఎదురుకావచ్చు. అందువల్ల కొనకముందే అమ్మకందారును చెక్క గురించి, అనుమతి పత్రాల గురించి రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబును వస్తువుతో పాటు దాచుకోవాలి.